హాలంతా పరిచే జంపఖానా

నవ్వమాక వదినా! మీ తమ్ముడు కాబట్టి నీకు నవ్వొస్తంది. రోజూ చూసే నాకు ఒళ్లు మండుద్ది.

ఇదిగో, గోడంత ఇనప చట్రం, చూశావా? ఇదంట మగ్గం! వెల్డింగు షాపులో చెప్పి చేయించాడు. సోఫాలు వసారాలోకి, ఇది హాల్లోకి. నూలేమో చీరాల నుంచి. ఎందుకంటావా? హాలంతా పరిచే జంపఖానా సొంతంగా నేస్తాడంట. కట్టుకున్న పంచె మడతెయ్యటం రాదు ఈ మనిషికి. జంపఖానా!

సర్పంచిగా ఓడిపోయిన కాణ్ణుంచీ ఇదే పిచ్చి. గెలిచినప్పుడు ఇల్లంతా తిరనాళ్ల. టీలు కాచీ కాచీ నా చేతులు పడిపొయ్యాయి. ఓడాక ఒక్కడు గేటు తీస్తే ఒట్టు. ప్లాస్టిక్ కుర్చీలన్నీ ఒకదాంట్లో ఒకటి దోపి మూలన పెట్టాను. వాటి వంక చూసుకుంటా కూర్చున్నాడు కొన్నాళ్లు. తర్వాత ఫోన్లో నేతపని వీడియోలు.

"రత్నం, కుర్చీలేస్తే ఎవడి దర్జా వాడిది. జంపఖానా పరిస్తే అందరూ ఒకటే" అన్నాడు.

"కూర్చోటానికి ఎవురొస్తారని?" అన్నా. ముఖం మాడ్చుకున్నాడు.

పడుగంట, నిలువు పోగులు, అవి బిగించటానికే నెల పట్టింది. ఆనక అడ్డంగా పేక దూర్చటం, ఇనప దువ్వెన లాంటిదాంతో టకటకా కొట్టటం. సీరియల్ ఒక్క ముక్క వినపడితే గదా! సగం నేశాక చూస్తే ఏముంది? కింద దుప్పటంత, పైన తువ్వాలంత. అంచుల్లో నూలు బిగించి లాగేశాడంట. లాగి పట్టుకోటమేగా ఆయనకి తెలిసింది! అంతా ఊడదీశాడు. మళ్లీ మొదలెట్టాడు. మళ్లీ వంకరే. ఏడ్చాడు వదినా. ఓట్లు లెక్కెట్టిన రోజు ఏడవనోడు, నూలుపోగు కోసం!

ఎట్టాగో అయింది. పరిచాడు. వంకర లేదనను, గోడవారన ఉందిలే.

మొన్న వానపడ్డ రోజు మస్తాన్‌రావు వచ్చాడు. ఎవరా? మండలంలో పార్టీకి పెద్ద తలకాయ. మనం ఓడినప్పుడు ఫోను కూడా ఎత్తలా. ఇప్పుడు మళ్లీ ఎలక్షన్లుగా, ఎంపీటీసీ టికెట్ ఇస్తానని నలుగుర్ని వెంటేసుకుని వచ్చాడు. నాకైతే ప్రాణం లేచొచ్చింది.

బురద చెప్పులతో జంపఖానా ఎక్కాడు. "అన్నా, చెప్పులు..." అన్నాడు మీ తమ్ముడు, మెల్లగానే.

వాడు పళ్లికిలించాడు. "ఏంది త్రికోటేశ్వరరావ్, రాజకీయం వదిలేసి గోనెపట్టాలు అల్లుతున్నావంట?" అని చెప్పులు దానికే తుడిచాడు. తుడిచాడు వదినా, ఈ కాలూ ఆ కాలూ!

"బయటికి నడువు" అన్నాడు మీ తమ్ముడు.

అంతే. టికెట్టూ పోయింది, మనుషులూ పోయారు. వాళ్ల కారు చప్పుడు దూరమయ్యేదాకా నిలబడి, తడిగుడ్డ తెచ్చుకుని మోకాళ్ల మీద కూర్చుని తుడుచుకున్నాడు. బుద్ధిలేని మనిషి! ఇన్నేళ్లూ టికెట్ కోసం ఎవరెవరి గుమ్మాల్లోనో పడిగాపులు కాసి, ఇంటికొచ్చిందాన్ని నూలుబట్ట కోసం తోలేశాడు.

నేనా? నేనేం చేశానంటావా?

కాఫీల ట్రే పట్టుకుని గుమ్మంలో నిలబడ్డా. "ఆయన మాటలకేంలే అన్నా, కూర్చోండి" అంటే ఆగేవాళ్లే. అనలా. అనబుద్ధి కాలా. కాఫీలు లోపలికి తీసుకెళ్లి సింకులో ఒంపేశా, ఒక్కో గ్లాసే. ఆయనకి తెలవదు. చెప్పమాక, ఇంకా ఎగురుద్ది తల.

ఇప్పుడు పడగ్గదిక్కూడా నేస్తాడంట. ముదిరింది పిచ్చి, ఏం చేస్తాం! ఊరికే కూర్చున్నావుగా, చేతులు చాపు. ఈ నూలు చిలప రెండు చేతులకీ తగిలించుకుని పట్టుకుంటే నేను ఉండ చుట్టుకుంటా.