మూడో రోజు ఖాజాలు

1974 సెప్టెంబరు, మంగళవారం, మధ్యాహ్నం రెండు గంటల నలభై నిమిషాలు. పూరీ తీరాన నిన్నటినుంచి ఎడతెరిపి లేని వాన, ఆగ్నేయపు గాలి. కలకత్తా కుటుంబాలు సెలవులకు దిగే ఒక అద్దె ఇంటి వంటగదిలో అత్తగారు నిభాననీ దేవి, ఆమె బెంగాలీ వాడుకలో 'బౌమా' అని పిలిచే కోడలు అతసి.

"ఆ సంచీ బియ్యం డబ్బా వెనకాల దాచావేం, బౌమా?"

"సంచీయా? ఏ సంచీ, అమ్మా?"

"నీలం సంచీ. నేను విప్పలేదులే, నొక్కి చూశానంతే. చీరలు మెత్తగా తగిలాయి. కాగితాలు గట్టిగా తగిలాయి."

"ఉతకాల్సిన బట్టలు..."

"ఈ వానలోనా?"

"నానబెడదామని..."

"సర్టిఫికెట్లు కూడా నానబెడతావా?"

"మెల్లగా, అమ్మా! మామగారు లేస్తారు."

"అన్నం తిన్నాక నాలుగింటిదాకా ఆయన లేవరు. అది సరే, ఆయన పడక కుర్చీ గుమ్మానికి అడ్డంగా ఉంది కదా. ఎలా దాటుదామనుకున్నావు?"

"గాలి కోసం వేసుకున్నారు, కాస్త జరిపితే..."

"గాలి కోసమా! పిచ్చిదానా!"

"శుక్రవారం లోపల కూచ్‌బిహార్ కాలేజీలో చేరకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరికి పోతుంది. మీకూ తెలుసు, అందరికీ తెలుసు. అందుకే కదా! ఏటా దుర్గాపూజ అయ్యాక వచ్చేవాళ్ళం, ఈసారి మహాలయ కూడా రాకుండా లాక్కొచ్చారు. అలల్లో చెయ్యి పట్టుకుని స్నానం చేయించే నూలియాలే సముద్రంలోకి దిగటం లేదు. సెలవులట, సెలవులు!"

"బాచ్చు ఏమన్నాడు?"

"మీ అబ్బాయా? 'పూరీ అంటే మా ఇంట్లో ఆనందం, నువ్వు మొహం మాడ్చుకుంటే ఎలా' అన్నారు. అని, ఆ కథ చెప్పారు."

"ఏ కథ?"

"మీరు తప్పిపోయిన కథ."

"ఎలా చెప్పాడు?"

"మీకు తెలియనిదా!"

"వాడి నోట విన్నాను. నీ నోట వినలేదు. చెప్పు."

"ఆయనకి ఏడేళ్ళు. మీరు ఖాజాలు కొనుక్కొస్తానని వెళ్ళి దారి తప్పారు. ఇంటిల్లిపాదీ ఏడుపులు. ఆయన నూలియా భుజమెక్కి ఊరంతా వెతికి, స్టేషన్లో రైలు కిటికీలోంచి మీ చీర ఎర్రంచు చూసి, 'అమ్మ దొరికింది!' అని కేకేశారు. ప్లాట్‌ఫారమంతా చప్పట్లు. తిరిగొస్తూ ఆయనకి ఖాజాలు కొనిపెట్టారు మీరు. 'నా చిన్నతనం మొత్తంలో అంత మంచి రోజు లేదు' అంటారు."

"ఊఁ. మనం ఖాజాలు ఎప్పుడు కొంటాం?"

"బయల్దేరే రోజు. ఊళ్ళో పంచడానికి."

"ఆవేళ మాకు మూడో రోజు."

"మూడో... అమ్మా?"

"ఇంకా పదిరోజులు ఉండబోతూ మూడో రోజున ఖాజాలు కొనే బెంగాలీ ఇల్లాలు ఎక్కడైనా ఉందా? చీమలకి పెట్టడానికా? తొందరలో ఇంకో అబద్ధం తోచలేదు. అయినా ఎవరికీ పట్టలేదు, మీ మామగారికి తప్ప. ఆయన ఆవేళా ఏమీ అనలేదు, ఇవాళ్టికీ ఏమీ అనలేదు. మరుసటి ఏటినుంచి కుర్చీ గుమ్మానికి అడ్డంగా వేసుకున్నారు. అంతే."

"అయితే మీరు దారి తప్పలేదా?"

"దారి తెలిసే ఎక్కాను. కృష్ణనగర్‌లో మా పెద్దన్నయ్య ఉండేవాడు. ఇంటరుతో ఆగిపోయిన చదువు, బి.ఏ. పరీక్షకి కట్టిస్తానన్నాడు. బాచ్చుని తరవాత తెచ్చుకుందామనుకున్నాను. అనుకున్నాను."

"మరి దిగారెందుకు?"

"వాడు అంత గర్వంగా నిలబడ్డాడు, బౌమా. ప్లాట్‌ఫారమంతా చప్పట్లు కొడుతుంటే, 'నేను దొరకలేదురా, వెళ్ళిపోతున్నాను' అని ఏ నోటితో చెప్పను? దిగాను. అప్పట్నించీ ఏ నలుగురు భోజనాలకి కూర్చున్నా వాడు ఆ కథ ఎత్తుకుంటాడు, అందరూ నవ్వుతారు, నేనూ నవ్వుతాను. కుర్చీ దాటడం ఎంతసేపు? ఆ కథనే దాటలేకపోయాను."

"అమ్మా..."

"ఏడవకు. కళ్ళు ఎర్రబడితే రిక్షావాడు ఆరాలు తీస్తాడు. వెనక తలుపు గడియకి పొద్దున్నే ఆవనూనె రాశాను, చప్పుడు చెయ్యదు. బావి పక్కనుంచి వెళ్ళు. గొడుగు... అది కాదు, అది మీ మామగారిది! నాది తీసుకో."

"పొద్దున్నే రాశారా? అంటే పొద్దున్నే మీకు..."

"నిన్న రాత్రే తెలుసు. ఇదిగో, దారిలో తినడానికి లూచీలు వేయించాను. చల్లారినా బాగుంటాయి."

"నేను వెళ్ళాక వీళ్ళంతా మిమ్మల్ని..."

"ఏం చేస్తారు? మళ్ళీ ఏటా ఈ ఊరికే తీసుకొస్తారు. అయ్యో, దణ్ణాలు ఇప్పుడా! లే, లే."

"వెళ్ళొస్తానమ్మా."

"'వెళ్ళొస్తా' ఏమిటి! వెళ్ళు."

"అమ్మా! అతసి ఏదీ? టీ పెడతానని లేచింది, ఇంతవరకూ పత్తాలేదు."

"నిద్ర లేచావా, బాచ్చూ? బయటికెళ్ళింది."

"ఈ వానలోనా? ఎక్కడికి?"

"ఖాజాలకి."

"ఖాజాలా? ఇవాళ మూడో రోజే కదమ్మా! ఇప్పట్నించీ ఖాజాలు దేనికి? ఇదీ నీలాగే తప్పిపోయేట్టుంది. ఉండు, నేను వెళ్ళి..."

"కూర్చో, నాన్నా. నేను వెళ్ళింది కూడా మూడో రోజే. ఈసారి ఆ కథ నేను చెబుతాను."

నాలుగేళ్ళ తరువాత నిభాననీ దేవి కూచ్‌బిహార్‌లో కోడలి ఇంట ఉండి బి.ఏ. పరీక్షకు కూర్చున్నది. మొదటిసారి తర్కశాస్త్రంలో తప్పింది. మరుసటి ఏడు ఉత్తీర్ణురాలైంది.