ఎంజిను ముక్కుకు ముడుపు

ఆపు రా, ఆపు ముందు! ఆపి మాట్లాడు మునిరత్నం, ఈ మోతలో నువ్వు సెప్పేది నాకేమి ఇనపడతాది. ఆ... సాలు. ఇట్ల వచ్చి అరుగు మీద కూసో. ఆ గడ్డి కోసే మిషను యాడికీ పోదులే. బంగళా తోటలో గడ్డి కోయమని నీకు జీతమిస్తే, నువ్వు దాన్ని ఈడికి తోసుకోనొచ్చి నా ఇంటి ముందర పొగ పెడతా ఉండావు. నాకు కండ్లు సరిగా ఆనవు గానీ ముక్కు బాగానే పనిసేస్తా ఉండాది. నల్ల పొగ గదా అది? అవునా కాదా సెప్పు. ఆ, అనుకుంటిని. గుర్రుగుర్రుమని లాగలేక లాగతా ఉండాదని కూడా సెప్పగలను, ఈడ కూసోనే. నవ్వొద్దు రా, ముసిలి సాదస్తం కాదిది. భయం. ఆ వాసన తగిలితే నాకు సుందరరాజు గుర్తొస్తాడు. ఎవురా? నీకెట్ల తెలుస్తాది, అప్పటికి మీ నాయనే పుట్టలేదు.

సుందరరాజు చిత్తూరులో మెకానిక్కు. కిరస్తానం మనిషి. యుద్ధంలో లారీలు రిపేరు సేసే పటాలంలో బర్మా దిక్కు పోయి, యుద్ధం అయిపోయినాక తిరిగొచ్చి ఒక రేకుల కొట్టం ఏసుకున్నాడు. ఎప్పుడు సూసినా ఆ కాకీ నిక్కరే. ఎంజిను సెడిందని పిలిస్తే సైకిలేసుకోని వచ్చేవాడు, వచ్చినోడు మూత ఇప్పేవాడు కాదు. దూరంగా నిలబడి పొగను సూసేవాడు. మనం డాక్టరు కాడికి పోతే నాలిక సూపించమంటాడు సూడు, అట్ల. 'తెల్లగా వస్తే కిరసనాయిల్లో నీళ్లు కలిసిండాయి. నీలంగా వస్తే లోపల అరిగిపోయి తన నూనె తానే తాగతా ఉండాది. నల్లగా వస్తే దానికి గాలి సాల్లేదు నారాయణప్పా, ఊపిరాడక తిన్నది అరగలేదు' అని సెప్పేవాడు. దాని తర్వాత ఒక యాపపుల్ల తీసి, ఒక కొస పండ్లతో కరుసుకోని, ఇంకో కొస ఎంజినుకు ఆనించి కండ్లు మూసుకునేవాడు. లోపల యాడ కొట్టుకుంటా ఉండాదో పండ్లకు తెలుస్తాదంట. కార్వేటినగరం పక్కన ఒకాయన తోటలో ఎంజిను తెల్లగా పొగ పెడతా ఉంటే ఈయన పోయి సూసి, ఎంజిన్ను ముట్టుకోకుండా కావిలోడి దిక్కు తిరిగి 'అన్నా, కిరసనాయిలు కొంచిం ఇంటికి ఎత్తుకుపోతే పో, దాని బదులు నీళ్లు మాత్రం పొయ్యొద్దు' అన్నాడంట. వాడు కాళ్ల మీద పడినాడంట! మనుషుల మాట నాకొద్దప్పా, పొగ సెప్పేది సాలు అనేవాడు. ఎప్పుడూ అదే మాట. ఒక్క పొద్దు మాత్రం పొగ మాట ఇడిసిపెట్టి మనిషి మాట నమ్మినాడు. ఆ మనిషిని నేనే.

సొతంత్రం వచ్చేదానికి ముందేడు ఎండాకాలం అది. ఈ పూతలపట్టు సుట్టుపక్కల బావులన్నీ అడుగంటినాయి. మాకు నాలుగెకరాల సెరుకు. ఇంకో రెండు నెల్లు నీళ్లు పారితే గానుగకు పోతాది, లేకపోతే ఎండబెట్టి పొయ్యిలో పెట్టుకోవాల్సిందే. కపిల తోలి తోలి, నీళ్లు తోడి తోడి ఎద్దులు మూలన పడినాయి. మా నాయన చెంగల్రాయుడని, ఆయన పంతం నీకు తెలీదు, యాడ తెచ్చినాడో గానీ ఒక కిరసనాయిలు ఎంజిను తెచ్చినాడు. పైన పెడితే అంత లోతు నుంచి నీళ్లు పీల్చలేదంట. అందుకని బావిలోపల నాలుగు మట్ల కింద, అంటే నలుగురు మనుషుల నిలువు లోతున, అడ్డంగా తాటి దూలాలు ఏసి, బల్ల కట్టి, ఎంజిన్ను తాళ్లతో దించి ఆడ కూసోబెట్టినారు. అంతా సుందరరాజే దగ్గిరుండి సేసినాడు. పొగ బయటికి పోవాలని గట్టుదాకా ఒక గొట్టం ఏసినాడు. నన్ను పిలిసి, సొంబు మూతి మాదిరి ఉండే ఒక జాగా సూపించి, 'ఇది దీని ముక్కు నారాయణప్పా. ఈడనుంచే ఊపిరి తీస్తాది. దుమ్ము పడకుండా సూసుకోండి' అన్నాడు. నాకప్పుడు ఇరవై మూడేండ్లు. ఎంజినుకు ముక్కుండాదంటే నాకు నవ్వు. ఆ మాట తీసుకోనొచ్చి మా అమ్మకు సెప్పినాను సూడు, ఆడ పడింది ముడి.

మా అమ్మ ఆదిలక్ష్మమ్మ. అన్నానికి ముందు కొండ దిక్కు తిరిగి దండం పెట్టేది. ఎంజిను సెడిపోతే సెరుకు పోతాది, సెరుకు పోతే మా నాయన ఏం సేసుకుంటాడో అని ఆమెకు గుండెల్లో దడ. పసుపు నీళ్లలో గుడ్డ ముంచి, దాంట్లో ఒక వెండి కాసు పెట్టి ముడేసి, 'సామీ, సెరుకు గానుగకు పోయేదాకా ఇది తిరిగితే నీ కొండకు నడిసొస్తా' అని మొక్కింది. ఎంజినుకు కట్టమని నా సేతికిచ్చింది. యాడ కట్టాలమ్మా అంటే, 'ఊపిరి తీస్తాదంటివే. ఊపిరి యాడుండాదో ప్రాణం ఆడ్నే గదరా ఉండేది. ఆడ కట్టు' అనింది. నేను పోయి ఆ ముక్కుకు సుట్టూ కట్టేసినాను. దుమ్ము కూడా పడదులే అని నాకు లోపల సంతోషం. ముడుపు సంగతి నీకు తెలవంది కాదు, కొండకు పోయి హుండీలో ఏసేదాకా విప్పగూడదు. వేరేవాళ్ల సెయ్యి తగలగూడదు.

పది దినాలు బాగానే తిరిగింది. నీళ్లు కాలవలో పారతా ఉంటే మా నాయన సేన్లోనే అన్నం తినేవాడు. దాని తర్వాత ఆ గుడ్డకు నూనె, దుమ్ము పట్టి అట్టమాదిరి అయిపోయిందేమో, పొగ నల్లబడింది. ఎంజిను దగ్గుతా దగ్గుతా తిరిగేది. మా కాడ ఓబయ్య అని ఉండె, ఎంజిను తిప్పేది ఆయనే. ఒక పొద్దు పైకొచ్చి వాంతి సేసుకున్నాడు. తల పగిలిపోతా ఉండాదన్నాడు. ఎండ అనుకుంటిమి. మర్సట్రోజు దిగినోడు పైకి రాలేదు. సూస్తే బల్ల మీద పడుండాడు, కండ్లు తెరిసే ఉండాయి, మనిషి తెలివిలో లేడు. తాడేసి లాగినాము. గొట్టానికి నడిమద్దెన అతుకుండాది, ఆ అతుకు కాడ సందు పడి పొగ లోపల్నే నిండతా ఉండాదని అప్పుడెవురికి తెలుసు? కంటికి కనపడేది పైన గొట్టంలో వచ్చే పొగే. ఊరంతా ఒకటే మాట, బావిలో మునీశ్వరుడనే దయ్యముండాది, ఎంజిను మోతకు లేసింది అని. మా అమ్మేమో, 'ముడుపుండబట్టే ఓబయ్య బతికినాడు' అనింది. ఇంక దాన్ని విప్పేదెట్ల? విప్పితే దయ్యం, విప్పకపోతే... విప్పకపోతే ఏమవుతాదో నాకు తెలీదు. కాదు. కొంచిం తెలుసు. పొగ నల్లగుంటే ఊపిరాడలేదని ఆయన సెప్పింది నా సెవుల్లో ఉండాది. తెలిసే గమ్మునుంటిని.

కబురంపితే సుందరరాజు మర్సట్రోజు పొద్దున పదిగంటలకంతా వచ్చినాడు. మజ్జిగ తాగినాడు. బావి పక్కన సెట్టు కింద ఏసిన ఓబయ్య మంచం కాడికి పోయి గోళ్లు, పెదాలు సూసినాడు. 'ఎవరన్నా దిగి ఒకసారి తిప్పి రాండప్పా, నడిసేటప్పుడు సూస్తే గానీ జబ్బు తెలీదు' అన్నాడు. ఎవురూ కదల్లేదు. నేనే దిగినాను. రాతిమెట్లు పట్టుకోని బల్ల మీదికి పోయినాను. ముడుపు నా ముందరే ఉండాది రా, ఇదో, ఇంత దూరం. సెయ్యి సాపితే సాలు. సాపలేదు. సక్రం తిప్పినాను, అది పట్టుకుంది, పరిగెత్తి పైకొచ్చేసినాను. గొట్టంలో నల్ల పొగ, బొగ్గు మాదిరి. ఆయన సూసి తల ఊపి, 'దీనికి ఊపిరాడలేదు. నారాయణప్పా, ఇప్పుడే గదా సూసొస్తివి, ముక్కుకేమన్నా అడ్డం పడిందా?' అన్నాడు. ఏం లేదన్నా అన్నాను. 'బాగా సూసినావా?' సూసినానన్నా, ఏం లేదు. ఆయన నా మొకంలోకి కొంచింసేపు సూసినాడు. 'సరి, అయితే లోపల్నే ఏదో ఉండాది' అని యాపపుల్ల పండ్లతో పట్టుకోని దిగినాడు. ఓబయ్య మంచంలోనుంచి 'వొద్దన్నా, ఆడ ఉండాడు' అని గొణిగినాడు. ఆయన నవ్వి, 'దయ్యం కాదప్పా, పొగ. పొగకు గొట్టముండాది గదా' అన్నాడు. గొట్టం ఏసింది ఆయనే. తను ఏసిన గొట్టం మీద నమ్మకం, నా మాట మీద నమ్మకం.

బల్ల మీదికి పోయినాడు. ఎంజిను తిరగతానే ఉండాది. వంగినాడు. నేను గట్టు మీద బోర్లా పడుకోని సూస్తా ఉండాను. ముక్కు కాడికి సెయ్యి పోయింది, మళ్లా ఎనక్కి వచ్చేసింది. పుల్ల నోట్లోనుంచి తీసినాడు. తల పైకెత్తి అరిసినాడు, 'నారాయణప్పా! ముడుపు కట్టినారే! నేను ముట్టొచ్చునా? విప్పొచ్చునా?' అని. తిట్టలేదు రా. ఎందుకు అబద్ధం సెప్తివని అడగలేదు. జేబులో కత్తుండాది ఆయనకు, ఒక్క కోత కోసుంటే అయిపోయేది. కొయ్యలేదు. మీ సామిది, నేను వేరే, మీరు సెప్తే విప్పుతా అని నిలబడినాడు. నేను మా అమ్మ దిక్కు సూసినాను. ఆమె కొంగు నోట్లో పెట్టుకోని ఉండాది. అవుననలేదు, కాదనలేదు. ఆయన మళ్లా అడిగినాడు, ఈసారి గొంతు సన్నంగా వచ్చింది. 'విప్పొచ్చునా?' ఒక్క మాట రా మునిరత్నం. విప్పు. అంతే. నా నోరు తెరుసుకోనే ఉండాది, మాట రాలేదు. ఎంతసేపంటావు, నువ్వు ఈ అరుగు దిగి ఆ ఈదివాకిలి దాకా పోయొచ్చేంత సేపు. ఆయన నా దిక్కే సూస్తా మెల్లింగా కూసున్నాడు, బాగా అలిసిపోయినోడు కూసున్నట్ల. పుల్ల సేతిలోనుంచి జారింది. దాని తర్వాత పక్కకు ఒరిగినాడు. నీళ్లలో పడిన సద్దు గూడా ఎంజిను మోతలో నాకు ఇనపడలేదు. అప్పుడరిసినాను, విప్పు, విప్పన్నా, విప్పన్నా అని. అదే నిమిషానికి ఎంజిను గూడా నిలిచిపోయింది. నా అరుపే బావిలో తిరిగి తిరిగి నాకు ఇనపడింది.

లాగినారు. పొగ పోయేదాకా ఎవురినీ దిగనీలేదు మా నాయన, అది సరే గానీ, ఆలోపల... వొద్దులే. మునీశ్వరుడు పట్టుకోని పోయినాడని ఊరు సెప్పుకుంది. మేము అవుననలేదు, కాదనలేదు. ఆయన పెండ్లాం సంతోషమ్మ సంకలో బిడ్డతో వచ్చింది. ఏడ్సలేదు. నన్ను పక్కకు పిలిసి, 'చివర్లో ఆయన ఏమన్నా అన్నాడా అయ్యా?' అని అడిగింది. ఏమీ అనలేదమ్మా అన్నాను. అది రెండో అబద్ధం. మొదటిదాని కన్నా అదే నన్ను ఎక్కువ నిద్రలేపతాది. సెరుకా? ఎండిపోయింది. బావి పూడిపించినారు. అమ్మ ఆ ముడుపు నా సేత విప్పించి బియ్యం కుండలో పెట్టింది, ఆమె పోయినాక నా ట్రంకుపెట్టెలోకి వచ్చింది. నేను కొండకు ఎన్నిసార్లు పోయుంటాను, లెక్కే లేదు. ఒక్కసారి గూడా దాన్ని ఎత్తుకోని పోలేదు. ఆ హుండీ ముందర నిలబడి ఏమని ఏసేది? ముట్టొద్దని సామి సెప్పలేదు గదా. అడిగినోడు ఆయన, సెప్పనోడిని నేను. నాకు సావంటే భయం లేదు అబ్బోడా. పోయినాక ఆయన యాడన్నా ఎదురొచ్చి, కోపం లేకుండా, మళ్లా అదే మాట అడుగుతాడేమో అని భయం.

ఏంది? మిషను దిక్కు ఎందుకు సూస్తా ఉండావు? ఏందీ... గట్టిగా సెప్పు. దుమ్ము పోతాదని గుడ్డ కట్టినావా? యాడ? గాలి పీల్చే కాడనా? ఎవురు కట్టమనిరి నిన్ను... సరే, సరే, అది కాదిప్పుడు. లెయ్యి. పో. ఏందిరా నా మొకం సూస్తావు, నన్నేం అడగొద్దు. విప్పు. విప్పు రా.