తిప్పేస్వామి మందుకు కొత్త పథ్యం

ఏమప్పా సందీపా, ఆ బండి నీడకు పెట్టు, సీటు కాలిపోతాది. ఇట్ల రా, అరుగు మీద కూసో. ఇంత ఎండలో అనంతపురం నుంచి ఈ తిప్పమ్మ అవ్వ గుర్తొచ్చి వచ్చినావా? ఊరికే రావులే. మీ తాత తిప్పేస్వామి గూడ అంతే, పని లేనిదే పక్కింటి గడప తొక్కేటోడు కాదు. చెప్పు, ఏం కావల్ల. ఓహో, మీ పాప మౌనికకు ఉబ్బసం దమ్మా? పసిబిడ్డకు ఆ కష్టం రాకూడదప్పా. డాక్టరు పీల్చే గొట్టం రాసిచ్చినాడా? దాన్ని బీరువాలో పెట్టి బీగమేసి, మీ తాత పెట్టే ఆకు మందు ఏందో అడిగేదానికి వచ్చినావా? ఆడబిడ్డ గొట్టం పీలుస్తాందంటే నలుగురూ నాలుగు మాటలంటారనా? బాగుండాది. తెలుసులే నాకు. మీ జేజి గంగక్క పొయ్యేముందర నా చెవిలో ఏసిపోయింది. చెప్తా. ముందు ఆ చెంబులో మజ్జిగ తాగు. ఉప్పు ఎక్కువైతే చెప్పద్దు, గమ్మున తాగు.

మీ తాతను నువ్వు ఫోటోలోనే కదా బాగా చూసింది. ఆ మీసాలు ఫోటో కోసరం దువ్వినవి. మామూలుగా పొరక మాదిరి ఉంటాండె. అమాస వచ్చిందంటే మన ఊరి దావంతా మనుషులే. బత్తలపల్లెలో బస్సు దిగి నడుసుకుంటా వచ్చేటోళ్లు, బండ్లు కట్టుకొని వచ్చేటోళ్లు, యాడో విడపనకల్లు నుంచి గూడ వచ్చేటోళ్లు. ఆ పక్కోళ్లు సగం తెలుగు సగం కన్నడం మాట్లాడతారు గానీ, దమ్ము వచ్చినప్పుడు అందరిదీ ఒకే బాసప్పా, 'హుస్ హుస్'. అందరూ పరగడుపున తూర్పు మొగమై మీ ఇంటి ముందర కూసోల్ల. మీ తాత తలకు తువ్వాల చుట్టుకొని, మొగం గంటు పెట్టుకొని వచ్చి నాలిక మీద ఉసిరికాయంత ముద్ద పెట్టేటోడు. నమలకూడదు, మింగల్ల. దుడ్లు ఇస్తే తీసుకోడు. పొయ్యేటప్పుడు 'పోయొస్తా' అనకూడదు. అంటే దమ్ము గూడ పోయి మళ్లా వస్తాదంట. ఒకసారి మన ఊరి ఎర్రప్ప మరిచిపోయి 'పోయొస్తానన్నా' అన్నాడు చూడు, మీ తాత ఊరి బయట దాకా తిట్టుకుంటా పోయినాడు.

ఇంగ పథ్యమంటావా, పెరుగు వద్దు, వంకాయ వద్దు, గుమ్మడికాయ వద్దు, ఊరిబిండి పచ్చడి వద్దు. ఊరిబిండి లేకుండా సంగటి గొంతు దిగేదెట్లప్పా? సగం మందికి దమ్ము కంటే పథ్యంతోనే బాధ. అన్నిటికంటే పెద్ద పథ్యం ఇంగోటి ఉండాది. ఆయప్ప మందు మింగినోళ్లు ఇంగో మందు ముట్టకూడదు. ముడితే ఇదీ పారదు, అదీ పారదు అని వేలు పెట్టి బెదిరిచ్చేటోడు. ఇది గుర్తుపెట్టుకో, కతంతా దీని మీదే ఉండాది.

నాకు దమ్ము ఎట్లొచ్చిందంటావా? బుడ్డల కట్టె, అదే ఎండిన శనక్కాయ చెట్లు, వామి ఏసేకాడ. ఆ దుమ్ము ఎదలోకి పోతే ఇంగ పిల్లులు కూసినట్లే. ఊర్లో ఒక్కొక్కరు ఒక్కో మందు చెప్పిరి. అల్లం రసంలో తేనె తాగినా. వామాకు కాసుకొని తాగినా. మిరియాలు నూరి బెల్లంలో తిన్యా. రవ్వంత ఎద తేలికైతాండె, కాదనను, మళ్లా మూడోనాటికి మామూలే. ఎర్రప్ప ఉండాడే, ఆయప్ప ఎవరో చెప్పినారని ఉమ్మెత్తాకు ఎండబెట్టి బీడీ చుట్టి పీల్చినాడు. ఆ పొద్దంతా గోడతో మాట్లాడినాడప్పా. గోడను 'మామా, మామా' అని బువ్వకు పిల్చినాడు. చచ్చి బతికినాడు, ఇప్పుడు నవ్వుతాండాం గానీ. దానికంటే మీ తాత ముద్ద మేలని నేనూ అమాసకు పోయినా. ఆ ఏడు నాకు దమ్ము రాలేదు. వానొచ్చి దుమ్ము అణిగి రాలేదో, మందుకే పోయిందో దేవునికెరుక. నేను మాత్రం ఇంగో మందు ముట్టనని ఒట్టు పెట్టుకున్యా. నేను ఒట్టు పెడితే నీకు తెలుసు కదా, కాపీ మానేసినా అంటే మానేసినా, మా వదినతో మాట్లాడనంటే ఇప్పటికీ మాట్లాడను. పాపం ఆమె పోయి శానా కాలమాయె అనుకో.

తర్వాత వాన లేని ఏండ్లు వచ్చినాయి. ఊరంతా దుమ్మే. ఆ దుమ్ముకు మీ తాతకే దమ్ము పట్టుకున్యాది. నవ్వద్దు. అందరికీ మందు పెట్టే మనిషికి దమ్మొస్తే యాడ చెప్పుకుంటాడు? మీ జేజి అనింది, 'నీ మందు నువ్వే మింగు' అని. 'పెట్టే చేతికి ఆ మందు పారదే' అన్నాడు. 'అట్లయితే నేను పెడతా.' 'ఆడోళ్లకు మందు చెప్పకూడదే, చెప్తే మందు చచ్చిపోతాది.' మీ జేజి నడుమ్మీద చెయ్యి పెట్టుకొని, 'నువ్వు తలుపేసుకొని కూసుంటే, వెనక గుంతరాయిలో ఇన్నేండ్లూ నూరింది ఎవరనుకున్నావు, మీ అమ్మా?' అనింది. ఆ మాటకు ఆయప్ప నోరు తెర్సినాడు. ఆమె ముద్ద పెట్టింది. ఉమ్మబోతే మూతి మూసి పట్టుకునింది. 'ఇన్నాళ్లూ ఊరంతా మింగింది, నువ్వూ మింగు' అని. పారలేదప్పా. ఇంగో అమాసకీ పారలేదు. పగలు గూడ గోడకు ఆనుకొని కూసుంటాండె. 'అనంతపురం పోయి డాక్టరుకు చూపిచ్చుకో' అనింది మీ జేజి. 'నా పేరు పోతాదే.' 'ఊపిరి పోతే ఆ పేరుతో ఎవర్ని పిలవల్ల?' అనింది. మాటకు మాట చెప్పల్లంటే మీ జేజి తర్వాతే ఎవరన్నా.

ఊర్లో ధర్మవరం పోతాండా అని చెప్పి, జోడుకాడు యేసన్నను ఎంటపెట్టుకొని అనంతపురం బస్సెక్కినాడు. ఇంగ ఇది యేసన్న నాకు చెప్పిందే, వాడు ఒకటికి రెండు కలుపుతాడు, నువ్వు ఒకటే తీసుకో. డాక్టరు తాన ఆ పొద్దు జాతరే అంట. మీ తాత తువ్వాల మొగం మీదికి లాక్కొని మూల బెంచీలో కూసున్యాడు. పక్కన ఇంగోడు, వాడూ తువ్వాల కప్పుకున్యాడు. అంతలో పక్క తువ్వాలకు దగ్గొచ్చింది. మీ తాతకు తెలిసిన దగ్గే. 'ఎర్రప్పా?' అన్యాడు. 'స్వామన్నా?' అనింది ఆ తువ్వాల. ఇంగ చూడు. ఎర్రప్ప అంటాడు, 'నాకోసరం రాలేదన్నా, ఊరికే చూసిపోదామని వస్తి.' మీ తాత అంటాడు, 'నేనూ అంతేప్పా, ధర్మవరం అనుకొని దిగినా.' ఎదురు బెంచీలో కొంగు కప్పుకున్న ఆయమ్మ కిసుక్కున నవ్వె. ఆమెది విడపనకల్లు. పోయిన అమాసకే మీ తాత చేతి ముద్ద మింగిపోయింది. ఒకరిని చూసి ఒకరు ముసుగు తీసేకొద్దీ ఆ బెంచీల్లో సగం మంది మీ తాత అమాసోళ్లే. ముద్దా మింగుతారంట, గొట్టమూ పీలుస్తారంట. పేరు మాత్రం ముద్దకే. 'మరి నాకేంటికి చెప్పలేదప్పా?' అన్యాడు మీ తాత. 'నువ్వు నొచ్చుకుంటావని అన్నా' అనిరంట అందరూ.

మీ తాత గూడ నవ్వినాడంట. నవ్వుతానే బెంచీలన్నీ ఒకసారి చూసినాడు. మళ్లీ చూసినాడు. 'అందరూ ఉండారు గానీ, మన తిప్పమ్మ యాడ?' అన్యాడు. యేసన్న చెప్పినాడు, 'ఆమె రాదన్నా. నువ్వు ఇంగో మందు ముట్టద్దంటివి కదా, ఆమె ముట్టదు. నాలుగు దినాలుగా మంచం దిగలేదు. డాక్టరంటే చెయ్యి ఎత్తి వద్దంటాది. నీ మాట ఆమెకు దేవుని మాట.' ఆ మాటకు మీ తాత బెంచీ మీదనుంచి లేసినాడంట. మాట నిలబెట్టుకునింది నేనొక్కదాన్నే, మంచంలో ఉండేదీ నేనొక్కదాన్నే. డాక్టరును చూసి, గొట్టం తీసుకొని, మధ్యాన్నం బస్సుకే తిరిగి వచ్చినాడు. ఇంటికి పోలేదు. నేరుగా ఇదో, ఈ అరుగు కాడికే వచ్చినాడు.

నాకు మాట రాదు అప్పుడు. ఒక్కో అక్షరానికి ఒక్కో ఊపిరి. ఎర్రప్పా యేసన్నా వెనక, వాళ్ల వెనక సగం ఊరు. మీ తాత అన్యాడు, 'తిప్పమ్మా, మందుకు పథ్యం మార్చినా. ఇప్పుడు డాక్టరు తాన గొట్టం పీల్చల్ల, అది పీలిస్తేనే నా మందు పారేది.' నేను ఒప్పుకుంటానా? ఒట్టు పెట్టినదాన్ని. 'పథ్యమైతే... నువ్వూ... చెయ్యి' అన్యా. అంతే. ఊరంతా చూస్తాండాది. ఆయప్ప ఒకసారి వాళ్లను చూసినాడు, ఒకసారి నన్ను చూసినాడు. అమాసకు విడపనకల్లు దాకా పోయిన పేరు కదప్పా అది. పంచె మొలలోంచి గొట్టం తీసి, తువ్వాల గూడ కప్పుకోకుండా, నోట్లో పెట్టుకొని గట్టిగా పీల్చినాడు. ఎవడో వెనక నుంచి, 'చూడండప్పా, దమ్ము మందిచ్చే స్వామికే దమ్ము' అన్యాడు. అందరూ నవ్విరి. మీ తాత మీసాలు వణికినాయి గానీ, మొగం తిప్పుకోలేదు. 'ఇంగ లెయ్' అన్యాడు నాతో. లేచినా. ఎర్రప్పా యేసన్నా చెరో పక్క పట్టుకొని బస్సెక్కిచ్చిరి. డాక్టరు చూసి, ఇంగొక పొద్దు ఆలస్యమైతే చేతులెత్తేస్తాంటి అన్యాడంట. ఆ పొద్దు మీ తాత నా కోసరం నవ్వులపాలు కాకపోతే, నీకు ఈ మజ్జిగ ఇచ్చేదానికి ఎవరూ ఉండరు నాయనా. అది నేను మరిచిపోను.

పేరు పోయిందా అంటావా? మళ్లా అమాసకు ఎవరూ రారని మీ జేజి ఆకే నూరలేదు. తెల్లారే చూస్తే ముందటికంటే ఎక్కువ మంది. మీ తాత మళ్లా మొగం గంటు పెట్టుకొని వచ్చినాడు. ముద్ద పెడతా, 'గొట్టం యాడ, చూపీ' అంటాండె. చూపిస్తేనే ముద్ద. డాక్టరు మాట ఇననోళ్లు గూడ ఆయప్ప మాట ఇనిరి. ఊరిబిండి గూడ తినమన్యాడు, దానికే సగం జనం వచ్చింటారని నా అనుమానం.

ఆకు పేరా? ఉండు, చెప్తాండా కదా. అంత తొందర ఎందుకప్పా. మీ జేజి చెప్పింది, పేరు చెప్తే మందు చచ్చిపోతాది. చచ్చిపోతే పోనీలే, చెప్తా, ఇంటి ముందర పెరిగేదే, నీ బండి దాని మీదే నిలబెట్టినావు. కానీ ఉత్తగా చెప్పను. బీరువా బీగం తీసి, మౌనికను మీ ఇంటి అరుగు మీద, దావలో పొయ్యేటోళ్లందరికీ కనపడేట్ల కూసోబెట్టి గొట్టం పీల్పిచ్చి, అప్పుడు రా. పథ్యం లేకుండా మందు యాడన్నా ఉండాదా? ఆ, ఉండు, శానా మాట్లాడినా, ఎద పట్టేసింది. ఆ వక్కాకు సంచి ఇట్లియ్యి. అడుగున ఉండాది నా గొట్టం. ఏమట్ల వెనక్కి చూస్తావు? ఎర్రప్ప మనమడా? చూడనీలే.