రష్యన్ అర్జీ

లిథువేనియాలోని ఆ చిన్న ఊళ్లో జుండెల్ బడిలో పొద్దున యూదుల ధర్మగ్రంథం తోరా, మధ్యాహ్నం లెక్కలూ రష్యన్ భాషా చెబుతాడు. ఆ శుక్రవారం ఒక్క పిల్లాడూ రాలేదు. భార్య ఫ్రైదల్ వీధిలోంచి పరుగున వచ్చింది.

"పిల్లలకి లెక్కలూ రష్యనూ చెబుతున్నందుకు రేపు ప్రార్థనా మందిరంలో మనల్ని వెలేస్తారటండీ. ఆ రష్యన్ పుస్తకాలు పొయ్యిలో పడేద్దాం."

"తోరా చెప్పే నోటితో లెక్కలు చెబితే పాపమా?"

"రేపట్నుంచి మనకి రొట్టె కూడా ఎవరూ అమ్మరు!"

తలుపు దబదబా మోగింది. వెలి ప్రకటించాల్సిన మతగురువు రబ్బీయే గుమ్మంలో నిలబడ్డాడు. ఆయన చేతిలో సర్కారు కాగితం ఉంది.

"సిపాయిలు మా మనవణ్ని పట్టుకుపోయారు. ఇది చదవగలిగేది నువ్వొక్కడివే, నాయనా."

జుండెల్ కాగితం తీసుకుని చదివాడు. "సోమవారంలోగా అర్జీ పెట్టకపోతే సైన్యానికి పంపేస్తారట, రబ్బీ గారూ. అదీ రష్యన్‌లోనే రాయాలి."

"రాయి."

"మరి రేపో?" అంది ఫ్రైదల్.

"వెలి మాట నా నోట రాదమ్మా. కానీ మిగతా పెద్దలు ఊరుకోరు. మీతోపాటు నన్నూ వెలేస్తారు."