మూత మీద ఎర్ర రంగు

షెడ్డులో బావ కారు బానెట్ ఎత్తి ఉంది. బావమరిది చేతిలో టార్చిలైటు.

“ఒక్క మాట, బావా. రేపు ఆసుపత్రి పెద్దాయన వచ్చి అడిగితే నువ్వు ఒక్క మాట చెప్పాలి. అంతే.”

“చెప్తానన్నానుగా.”

“ఏమని చెప్తావు?”

“బండి బాగుందని.”

“బండి బాగుందని ఎవరైనా చెప్తారు. ఏడాదిగా, ఇంజన్‌లోకి గాలి తోసే ఈ టర్బో మూత తియ్యలేదు, చుక్క నూనె పొయ్యలేదు, అయినా కొండలెక్కి దిగుతున్నాను అని చెప్పాలి.”

“అంత పొడుగ్గానా? నాకు నోరు తిరగదు.”

“కారెక్కినవాళ్లకి దిగేదాకా కబుర్లు చెప్తావు, దీనికి నోరు తిరగదా?”

“అవి కబుర్లు కదరా. ఇది మాటివ్వడం.”

“నాక్కావాల్సింది అదే. నీ మాట మీదే వాళ్ల అంబులెన్సులన్నిటికీ నేను తయారుచేసిన ఈ టర్బో పెట్టిస్తారు. ఉద్యోగం మానేసి ఇన్నాళ్లూ దీని వెంటే పడ్డాను, తెలుసుగా.”

“తెలుసు. మీ అక్క రోజూ గుర్తు చేస్తుంది. అది సరే, నన్నెందుకు, ఆ అంబులెన్సు డ్రైవర్నే అడగమనొచ్చుగా? ముందుగా ఒకటి అతని బండికి పెట్టావు కదా.”

“అది పెట్టి ఎంతకాలమైందని? ఏడాది నడిచింది నీదొక్కటే. అయినా అతను బంగారం, బావా. మూత ముట్టుకోవద్దని అన్నానా, దాని పక్కన గుడ్డతో తుడవడానికి కూడా భయపడుతున్నాడు.”

“అతనికీ అదే చెప్పావా? అసలు ముట్టుకోవద్దని?”

“మరి? ముట్టుకుంటే ఇక దీని గొప్పేముంది? మామూలు టర్బోకి ఇంజన్ నూనే దిక్కు. ఆ నూనె పాడైతే ఇదీ పోతుంది. మనదానికి ఆ బాధ లేదు. దాని గిన్నె దానిదే, దాని నూనె దానిదే. వేరు కాపురం.”

“వేరు కాపురం పెట్టినవాళ్లకి కూడా పుట్టింటి నుంచి అప్పుడప్పుడూ ఏదో ఒకటి వస్తూనే ఉంటుంది.”

“ఏంటి?”

“ఏం లేదు. ఆ టార్చి ఇలా ఇవ్వు, చెయ్యి నొప్పెడుతుంది నీకు.”

“నాకేం నొప్పి లేదు. నువ్వు కాస్త జరుగు, నీడ పడుతోంది. బావా.”

“ఊఁ.”

“ఈ మూత మీద రంగు చూశావా?”

“ఎర్రగానే ఉందిగా.”

“నేను వేసింది ఇటుక రంగు. ఎవరైనా తీస్తే తెలియాలని మూతకీ గిన్నెకీ కలిపి వేశాను. ఇది మెరుస్తోంది.”

“నిన్న కడిగించాను. మెరవదా?”

“కడిగితే తళుకులొస్తాయా? సన్నగా, వెండి రవ్వల్లా?”

“దుమ్మేమో.”

“బావా, ఇది గోళ్ల రంగు. అక్క పెట్టుకునేది.”

“మీ అక్కకి చెప్పకు. సీసా ఎక్కడ పెట్టానా అని ఇల్లంతా వెతుకుతోంది.”

“తీశావా?”

“ఏది?”

“మూత. మూత తీశావా?”

“తీశాను.”

“ఒక్కసారే కదా. ఊరికే, ఎలా ఉందో చూద్దామని. చూసి మూసేశావు. అంతే కదా?”

“అంతే అని చెప్పమంటే చెప్తాను.”

“చెప్పమనడం కాదు. ఏం జరిగిందో చెప్పు.”

“మొదటి వానల్లో అనుకుంటా. కొండెక్కుతుంటే సన్నగా ఈల వినబడింది. బయట పిట్టేదో అరుస్తోందనుకున్నా. మలుపు మలుపుకీ అదే పిట్ట. మెల్లగా ఇంటికొచ్చి మూత తీసి చూస్తే, గిన్నెలో అడుగున తడి ఉందంటే ఉంది. నీ అలమరలో సీసా ఉందిగా, దాంట్లోంచి కాస్త వంపాను. రంగు కూడా నీ డబ్బాలోదే పూశాను. ఈసారి డబ్బా అడుగంటిపోయింది, అందుకని గోళ్ల రంగు.”

“ఈసారి అంటే? ఎన్నిసార్లు పోశావు?”

“లెక్కపెట్టలేదురా. ఈల వినిపించినప్పుడల్లా. తర్వాత తర్వాత వినిపించేదాకా కూడా ఆగలేదు.”

“నాకెందుకు చెప్పలేదు?”

“చెప్దామనే వచ్చాను. నువ్వు మీ అక్కతో అంటున్నావు, చూశావా అక్కా, దాని జోలికే పోనక్కర్లేదు అని. ఆవిడ మొహం వెలిగిపోయింది. నువ్వు ఉద్యోగం మానేశావని అన్నం సయించక తిరిగిన మనిషి. చెప్పకుండానే వెనక్కి తిరిగాను. ఆఫ్టరాల్ చెంచాడు నూనె, నేను పోస్తే పోయేదేముంది అనుకున్నా.”

“చెంచాడు నూనె.”

“ఏదైనా అను. తిట్టు. అలా టార్చి పట్టుకుని నిలబడకు.”

“ఏ మొహం పెట్టుకుని తిట్టను? నేనూ తీశాను.”

“ఏది?”

“మూతే. టైర్లు మార్చడానికి బండి వదిలినప్పుడోసారి, సీటు కవర్లకి వదిలినప్పుడోసారి. ఏడాది దాకా తియ్యకూడదని నేను పెట్టుకున్న షరతే. ఆగలేకపోయాను. తీసిన ప్రతిసారీ గిన్నె నిండుగా ఉంది, బావా. ఇక్కడే, ఈ స్టూలు మీద కూర్చుని ఏడ్చాను తెలుసా, సంతోషంతో.”

“నేను పోసిన నూనె చూసా?”

“నువ్వు పోసిన నూనె చూసే.”

“అయ్యో.”

“ఇంకా ఉంది. రెండోసారి తీసినప్పుడు బేరింగ్ కాస్త ఊగుతోంది. ఎవరికీ చెప్పకుండా మార్చేశాను.”

“అంటే నా కారు పరీక్ష రాస్తుంటే నేను చిట్టీలందించాను, నువ్వు మార్కులు దిద్దావు.”

“నవ్వకు, బావా.”

“నవ్వడం లేదురా.”

“రేపు ఆయనకి ఉన్నదున్నట్టు చెప్పేస్తాను. నూనె తగ్గుతోంది, మధ్యమధ్యలో చూసి పొయ్యాలి, వేడికి పోతోందో, సీలులోంచి పోతోందో నాకింకా తెలియదు అని. పెట్టించుకుంటే పెట్టించుకుంటాడు, లేదంటే లేదు.”

“పోస్తుంటే నడుస్తోందిగా. అది అబద్ధం కాదు. కొండలన్నీ ఎక్కింది. నూనె ఎంతుందో చూసుకోవడానికి ఓ పుల్ల పెట్టు, ఇంజన్‌కి ఉన్నట్టు.”

“పుల్ల పెడితే సరిపోయేది. ముట్టుకోనక్కర్లేదు అనిపించుకోవాలని నాకు దురద. పుల్ల పెట్టాల్సిన చోట రంగు పూశాను. సిగ్గుగా ఉంది, బావా.”

“నాకు మాత్రం లేదా? ఇద్దరం కలిసి చేశాం, ఇద్దరం కలిసే ఆయన ముందు నిలబడదాం. బండికేం కాలేదుగా.”

“నీ బండికేం కాలేదు.”

“అదే అంటున్నా.”

“నీ బండికేం కాలేదు, నువ్వు పోశావు కాబట్టి. అంబులెన్సుకి ఎవరు పోస్తున్నారు?”

“ఇప్పుడెక్కడుంది అది?”

“ఇందాక ఇటే వెళ్లింది. కొండ మీద ఎవరికో నొప్పులొస్తున్నాయట. నన్ను చూసి హారన్ కొట్టి చెయ్యూపాడు కూడా.”

“ఫోన్ చెయ్యి. ముందు ఫోన్ చెయ్యి.”

“చేస్తున్నా. మోగుతోంది. మోగుతూనే ఉంది.”

“ఆ నూనె సీసా ఇటివ్వు. బానెట్ దించు, నేను బండి తీస్తాను.”

“ఆగు, ఎత్తాడు. అన్నా, నేను. ఎక్కడున్నావు? దిగుతున్నావా? ఆవిడ బండిలోనే ఉందా? సరే, సరే. ఒక్క మాట విను. ఇంజన్ దగ్గర ఈలలాంటిదేమైనా వినిపిస్తోందా?”

“ఏమంటున్నాడు?”

“చాలా రోజుల నుంచి వినిపిస్తోందట.”

“కాలు గట్టిగా నొక్కొద్దను, నూనె లేక టర్బో పట్టేస్తే బండి దారిలోనే ఆగిపోతుంది. మెల్లగా దిగమను. మనం ఎదురొస్తున్నామను. ఆవిణ్ణి నా కారులోకి ఎక్కించుకుందాం.”

“అన్నా, యాక్సిలరేటర్ నొక్కకు, మెల్లగా దిగు. మేం ఎదురొస్తున్నాం, ఆవిణ్ణి మేం తీసుకెళ్తాం. కాదన్నా. నీ తప్పేం లేదన్నా. నా మాట విను.”

“ఏమైందిరా? ఎందుకలా అరుస్తున్నాడు?”

“అరవడం లేదు, బావా. బతిమాలుతున్నాడు. పిల్లల మీద ఒట్టేసి చెప్తున్నాడు, మూత మీద చెయ్యి కూడా వెయ్యలేదని.”