పద్నాలుగో నంబరు చిత్రిక

ఈ సభకు అధ్యక్షత వహిస్తున్న ప్రిన్సిపాలు గారికి, వారి పక్కన కూర్చున్న పూర్వపు ప్రిన్సిపాలు గారికి, ముందు వరుసలోని పెద్దలకు, కుర్చీలు చాలక కిటికీ గట్లెక్కి కూర్చున్న పూర్వ విద్యార్థులకు, ఈ రోజు పదవీ విరమణ చేస్తున్న మన వడ్రంగం మాస్టారికి, వారి కుటుంబానికి నా నమస్కారాలు. ఎడమవైపు గట్టు మీద ఉన్న ఆయనా, కాళ్లు ఊపకండి. ఆ గోడకు సున్నం వేసి నాలుగు రోజులే అయింది. (నవ్వులు)

నాకు పది నిమిషాలు ఇచ్చారు. పన్నెండు తీసుకుంటాను, ముందే చెబుతున్నాను. ఈ వృత్తి శిక్షణ పాఠశాలలో ముప్పై మూడేళ్లు స్టోరు చూసి, పదేళ్ల కిందట రిటైరయ్యాను. మీలో చాలామందికి నా అసలు పేరు తెలియదు, స్టోరమ్మ అనే తెలుసు. సాయంత్రం అయిదింటికి ఒక్క మేకు తక్కువొచ్చినా గేటు దాటనివ్వలేదని మీరు ఇప్పటికీ తిట్టుకుంటారనీ తెలుసు.

ఈ బల్ల మీద తెల్లగుడ్డలో చుట్టి ఉన్నది జ్ఞాపిక కాదు. దాని గురించి మాస్టారికి ఒక సంగతి చెప్పాలి. చెప్పాక ఆయన నాతో మాట్లాడతారో లేదో నాకు తెలియదు. ఎల్లుండి ఆయన తన అక్కగారి ఊరికి మకాం మారుస్తున్నారు కాబట్టి నాకు మిగిలింది ఈ పూటే. ఎక్కడ మొదలైందో అక్కడినుంచి చెబుతాను, అడ్డు రాకండి.

ఇరవై రెండేళ్ల కిందట, పనికిరాని సామాన్లను స్టోరు లెక్కలోంచి తీసేసే పని నాకు పడింది. ఆ గుట్టలో చెక్క చిత్రికలు పదిహేను ఉన్నాయి. చెక్కను నునుపు చేసే పనిముట్టే కదా, దీనికి వివరాలెందుకని “పాత చిత్రికలు, పదిహేను” అని రాయబోయాను. గుమ్మంలో నిలబడి చూస్తున్న మాస్టారు, “అమ్మా, అవి పదిహేను కావు, పదిహేను రకాలు” అన్నారు. రకం తప్పు రాస్తే నాకు ముద్ద దిగదు. కూర్చుని చెప్పమన్నాను. ఆయన మూడు గంటలు చెప్పారు. గరుకు పలక మీద మొదటి చుట్టు తిరిగేది ఒకటి, రెండు మూరల పొడవుండి అంచులు సూటిగా తీసేది ఇంకొకటి, తలుపు చట్రానికి గాడి తీసేది, బల్ల అంచును గుండ్రంగా తేల్చేది, ఆఖరున నా బొటనవేలంత ఉన్నది ఒకటి, అది ఫిడేలు పొట్టలో వంపు తీయడానికట! చెప్పడం అయ్యాక ఒకదాన్ని తీసి పలక మీద ఒక్క తోపు తోశారు. దాని నోట్లోంచి చెక్క పొర చుట్టలు చుట్టుకుంటూ పైకి లేచింది. దాన్ని తీసి నా రిజిస్టరు మీద పరిచారు. పొర కింద ఉన్న అంకెలు చదవగలిగాను.

అంతే, నా పని అయిపోయింది.

ఆ వచ్చే ఆదివారం పాత సామాన్ల వీధికి వెళ్లి ఒకటి కొన్నాను. ఒకటి చాలనుకున్నాను. దానికి జత కావాలనిపించింది. జత దొరికాక, వాటికన్నా పొడవైనది లేకపోతే వరుస వెలితిగా కనిపించింది. ఇవాళ్టికి నూట ఎనభై ఆరు. వచ్చినవి వచ్చినట్టు నంబరు వేసి, ఏ రోజు, ఎవరి దగ్గర, ఏ స్థితిలో తీసుకున్నానో మూడు రిజిస్టర్లలో రాశాను. మంచాల కింద నిండాయి, బీరువాలో చీరలు పక్కకు జరిగాయి. మా కోడలు పంచదార డబ్బా కోసం వంటింటి పై అర తెరిస్తే అక్కడ ఏడు కనిపించాయి. అదిగో, మూడో వరుసలో నవ్వుతోంది చూడండి. ఆ రోజు నవ్వలేదు. “అత్తయ్యా, వీటిలో ఏది తియ్యగా ఉంటుందో చెప్పండి, టీలో వేస్తాను” అంది. (నవ్వులు)

ఇంట్లో అబద్ధమాడితే చెవి మెలిపెట్టే మనిషిని నేను. అలాంటి నేను, మోకాళ్ల డాక్టరు దగ్గరికని చెప్పి పదిహేడు సార్లు పాత సామాన్ల వీధికి వెళ్లాను. పదిహేడోసారి మనవరాలు తలుపు తీసి, “నానమ్మా, ఆ డాక్టరు నీకు చెక్క కాళ్లు గానీ పెడుతున్నాడా, సంచీ టకటకమంటోంది” అంది. అప్పటినుంచి నిజం చెప్పే వెళ్తున్నాను.

ఆ వీధిలో నాకు పోటీ ఎవరనుకున్నారు? ఈయనే. ఆయన ఆరింటికి వస్తారని నేను పావు తక్కువ ఆరుకు వెళ్లేదాన్ని. మరుసటి వారం ఆయన అయిదున్నరకు వచ్చేవారు. దుకాణదారు గడుసువాడు, మా ఇద్దరికీ చెరో మాట చెప్పి మధ్యలో తమాషా చూసేవాడు. ఒకసారి జోరువానలో, మూత లేని బండి మీద తడుస్తున్న గాడి చిత్రికను చెరో కొసా పట్టుకుని ఇద్దరం పావుగంట నిలబడ్డాం. వదిలింది నేను కాదు. ఆ పావుగంట తలచుకుంటే ఇప్పటికీ నా ఒళ్లు పులకరిస్తుంది, ఈ వయసులో చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా సరే.

మాస్టారు ఏ చిత్రిక తీసినా ముందు దాని ముక్కు చూస్తారు. ముక్కంటే ముందు కొస. చిత్రిక ఎవరిదైతే వారు అక్కడ తమ గుర్తు కొట్టుకుంటారు. అది చెయ్యి మారితే కొత్త మనిషి పాత గుర్తు కింద తన గుర్తు కొడతాడు. పైదాన్ని ఎవరూ చెరపరు. కొన్నిటి మీద నాలుగు తరాల గుర్తులుంటాయి. వడ్రంగులకు ఇది పుట్టుకతో తెలుస్తుంది కాబట్టి ఎవరూ ఎవరికీ చెప్పరు. మొదట్లో నాకూ ఎవరూ చెప్పలేదు.

మంచినీళ్లు ఇలా ఇవ్వమ్మా.

నాకు మురికి గిట్టదు. కొన్న ప్రతిదాన్నీ ఉప్పుకాగితంతో రుద్ది, ముక్కు అద్దంలా మెరిసేదాకా తీసి, వార్నీషు వేసేదాన్ని. అలా ఇరవై మూడు. ఒకనాడు మాస్టారిని ఇంటికి పిలిచి గర్వంగా వరుస పెట్టి చూపించాను. ఆయన ఒక్కొక్కదాని ముక్కూ వంగి చూసి, ఒక్కటీ చేతిలోకి తీసుకోకుండా, మంచినీళ్లు తాగి వెళ్లిపోయారు. కుళ్లుకున్నారనుకుని రెండు రోజులు సంతోషంగా తిరిగాను. ఆ తర్వాత దుకాణదారు, నేను తీసేసింది మురికి కాదు, గుర్తులని చెప్పాడు. ఇరవై నాలుగో నంబరునుంచి నేను ఉప్పుకాగితం ముట్టలేదు. చేసిన తప్పు మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఆయన ముక్కులు వెతికేది ఎందుకో మీలో కొందరికి తెలుసు. ఆయనకు పని నేర్పిన గురువుగారు పోయాక, ఆ ఇల్లు ఖాళీ చేసినవాళ్లు పనిముట్లన్నీ గంపగుత్తగా అమ్మేశారు. గురువుగారు తన తర్వాత నీదేనన్న చిత్రిక కూడా అందులో పోయింది. గుర్తు ఏమిటో ఈయన ఎవరికీ చెప్పలేదు. చెబితే మర్నాటికల్లా పది చిత్రికల మీద అదే గుర్తు దింపే ఘనులున్న వీధి అది. కిందటి నెల, ఊరు వదలడం ఖాయమయ్యాక, దుకాణం ముందు బల్ల మీద కూర్చుని నాతో అన్నారు: “ఇక నాకు దొరకదులెండి. నేను వెళ్లాక మీ కంటబడితే తీసి ఉంచండి. మూడు ఏటవాలు గాట్లు, కింద ఒక గుంట.”

ఇంటికి వెళ్లి మొదటి రిజిస్టరు తెరిచాను. పద్నాలుగో నంబరు. నా దస్తూరీయే, చదువుతాను. “మధ్యరకం చిత్రిక. బ్లేడు తుప్పు. ముక్కు మీద మురికి, మూడు ఏటవాలు గాట్లు, కింద చిన్న గుంట. ఉప్పుకాగితంతో పూర్తిగా తొలగించడమైనది.”

మాస్టారూ, మీరు ఇన్నేళ్లు వెతికింది మా ఇంట్లో, మా మంచం కింద ఉంది. మీ గురువుగారి గుర్తును చెరిపేసింది నేను. ఇది తెలిసి ఇరవై ఆరు రోజులైంది. నాలుగుసార్లు మీ వీధి మలుపుదాకా వచ్చి వెనక్కి తిరిగాను. ఒక్క మేకు పోయిందని పిల్లల్ని గేటు దగ్గర నిలబెట్టినదాన్ని, నేను పోగొట్టినదాన్ని మీ ముందు ఒప్పుకోవడానికి కాళ్లు రాలేదు. నలుగురిలో అయితే తప్పించుకోలేనని ఇక్కడికి తెచ్చాను. క్షమించమని అడగను, అది మీ ఇష్టం. ఇది మాత్రం మీది. తీసుకోండి.

(మాస్టారు లేచి వేదిక మీదికి వచ్చారు.)

గుడ్డ విప్పుతున్నారు. కనబడనివాళ్లు లేవకండి, నేను చెబుతాను. ముక్కు చూశారు. నున్నగా ఉంది, ఏమీ లేదు. ఇప్పుడు ఎడమచేత్తో పట్టుకున్నారు. ఎందుకో... మాస్టారూ, గట్టిగా చెప్పండి, వినబడలేదు. గురువుగారిది ఎడమచేతి వాటమట. బొటనవేలు ఆనే చోట పల్లం పడిందట. ఈయన వేలు అందులో పెట్టారు, సరిగ్గా కూర్చుంది. “ఆయనదే” అంటున్నారు.

(చాలాసేపు చప్పట్లు)

ఆగండి, చప్పట్లు ఆపండి, ఇంకేదో అడుగుతున్నారు. ఆ మూడు గాట్లూ గుంటా మళ్లీ పెట్టనా అని నన్ను అడుగుతున్నారు. వద్దు మాస్టారూ. గురువుగారి గుర్తు గురువుగారే కొట్టాలి. మీరు కొట్టినా అది దొంగ గుర్తే. నేను ఒప్పుకోను.

(మాస్టారు నవ్వారు. సభలో నవ్వులు.)

“స్టోరమ్మగారు మారరు” అంటున్నారు. వినండి, ఇంకా చెబుతున్నారు. “అయితే పైన ఆయన గుర్తు ఉండాల్సినంత మేర ఖాళీ వదిలేస్తాను. కింద నాది కొడతాను. చూసినవాళ్లకు పైన ఒకరున్నారని తెలుస్తుంది.” అది సబబుగా ఉంది. దానికి నేను ఒప్పుకుంటాను.

ఎవరి దగ్గరుందయ్యా వర్క్‌షాపు తాళం? ఒక సన్న ఉలి, ఒక సుత్తి తీసుకురండి. సంతకం పెట్టి మరీ తీసుకురండి. ఇప్పుడా మాస్టారూ, ఇక్కడేనా? సరే. ప్రిన్సిపాలు గారూ, తమరి పూలకుండీ కాస్త జరపాలి, ఈ బల్ల కావాలి.

ఈ మాటలు చెప్పుకునే అవకాశం ఇచ్చిన అధ్యక్షులవారికి, ఓపిగ్గా విన్న మీకందరికీ, ఇన్నేళ్లు నన్ను భరించిన మా కోడలికి, తెల్లవారుజామున నాతో పోటీపడి నన్ను ముసలిదాన్ని కానివ్వని ఈ పెద్దమనిషికి నా కృతజ్ఞతలు. ఆ... వస్తున్నాను. చిత్రిక కదలకుండా నన్ను పట్టుకోమంటున్నారు, కదిలితే గాటు వంకరపోతుందట. నాకు రెండు చేతులూ కావాలి, ఈ మైకు ఎవరైనా అందుకోండి. సెలవు.