ఇబ్రా క్యాంపుల ఏడుగురు అమ్మలు

"తాతా, పరాయి పిల్లను తెచ్చి ఇంకో ఇంట్ల పెడితె నిజంగ కలుస్తదా? మస్కట్‌ల మీరొక పోరిని సాదిండ్రట గదా, గది చెప్పు. ఫోన్‌ల రికార్డు పెట్టిన."

అయితుందా బిడ్డా? నేను దీనిదిక్కు సూసి మాట్లాడాల్నా, నీ దిక్కు సూసి మాట్లాడాల్నా? సరె. దగ్గర పెట్టు. నీ నౌకరే గది గద, తల్లిదండ్రికి దూరమైన పిల్లలకు ఇండ్లు సూసుడు. మంచి నౌకరి. మా కాలంల గా పనికి నౌకరి ఉంటదని మాకేం ఎర్క.

మస్కట్ గాదు, ఇబ్రా. మస్కట్‌కెల్లి లోపటికి, గుట్టల నడుమకెల్లి పొయ్యేది. రోడ్డు సగం డాంబరు, సగం మట్టి. ఏ సమ్మత్సరమంటె నేనేం చెప్తా, సదువుకున్ననా ఏమన్ననా. మీ పెద్ద మేనత్త పుట్టింది అప్పుడు... కాదు కాదు, అప్పటికింక ఎవ్వలు పుట్టలె. లగ్గమైన రెండో ఏడే పోయిన. మీ బాపమ్మకైతె అన్ని యాదికుండె, తారీకులతోని చెప్పేది. ఇగ ఎవలను అడగాలె. గీ మంగళారానికి ఇరవై ఒక్క దినం ఆమె పోయి. సరె తియ్.

మాది రేకుల రూమ్. ఏడుగురం, అందరం జగిత్యాల దిక్కోళ్లమే. కంపెనీ బడి కడుతుండె. బడి కట్టెటోళ్లల్ల బడి మొకం సూసినోడు ఒక్కడు లేడు, అది వేరే ముచ్చట. క్యాంపు గేటుకు ఎదురుంగ కడప ఖాదర్ది టైలర్ దుక్నం. దుక్నం ఎనుకనే ఇల్లు. ఆ ఊరు మొత్తంల మనోళ్లల్ల పెండ్లాం పిల్లతోని ఉన్నోడు ఆయనొక్కడే. బిడ్డ పేరు నూరి. ఐదు నిండినయి. ముంగటి పన్ను ఒకటి ఊగుతుండె.

ఒకనాడు పొద్దున ఖాదర్ పెండ్లానికి కడుపుల నొప్పి లేసింది. మామూలు నొప్పి గాదు, మనిషి మెలికలు తిరిగింది. ఏదో పికప్‌ల ఎక్కిచ్చుకోని మస్కట్ దవాఖానకు పోతా పోతా, ఖాదర్ పోరిని మా గేటు కాడ దించిండు. "అన్నా, రోంత బిడ్డను సూసుకోండి, పొద్దు గూకేలోపల వచ్చేస్తాం" అన్నడు. రోంత అంటె వాళ్ల కడపోళ్లకు కొంచెం అన్నట్టు. బిడ్డా, ఆ రోంత రెండు నెలలైంది.

ఏమైంది అంటె, ఆమెకు ఆపరేషన్ జేసిండ్రు. జేసినంక జెరం తగ్గలె. ఉంటదో పోతదో అన్నట్టే ఉండెనట. ఇడిసి ఎట్లొస్తడు? కబురు పంపిండు, పంపకేం. లారీ డ్రైవర్లతోని పంపిండు. మొదటోడు వచ్చి ఖాదర్ పెండ్లానికి ఆపరేషన్ అన్నడు. రెండోడు వచ్చి ఖాదర్‌కే ఆపరేషన్ అన్నడు. మూడోడు వచ్చి మొగపిల్లగాడు పుట్టిండు, మిఠాయి పెట్టుండ్రి అన్నడు. మేం పెట్టినం గూడ.

ఇగ పోరిని దించిన నాడే పొద్దుమూకి, హాజరు బుక్కు రాసే మున్షి వచ్చిండు. మలబారాయన. చెడ్డోడు గాదు పాపం, భయస్తుడు. కాయితం మీద ఏమున్నదో అదే ఆయనకు దేవుడు. "కార్డు లేని మనిషి రూమ్‌ల ఉండద్దు" అన్నడు. ఎల్లయ్య అని మా మేస్త్రి ఉండె, ఆరడుగుల మనిషి, "అయితె కార్డియ్యి" అన్నడు. ఎగతాళికే అన్నడు. మున్షి గంతసేపు తలకాయ గోక్కున్నడు, గోక్కోని రాసిండు. పేరు నూరి. పని హెల్పర్.

నవ్వుతున్నవా? నవ్వు. మాకప్పుడు నవ్వు రాలె, పని అయిందనుకున్నం. కార్డొచ్చినంక సామాను రావాలె గద. తలకాయకు హెల్మెట్ వచ్చింది. మోచేతులదాక గ్లౌసులొచ్చినయి. బూట్లొచ్చినయి, ఒక్క బూటుల పోరి సగం పట్టేది. దాంట్ల ఖర్జూరపండ్లు దాసుకునేది. మెస్సుల హెల్పర్ లెక్క ప్రకారం ఇంత కుప్ప బువ్వ పెట్టేది. పొద్దుగాల హాజరుకు నిలవడాలె. నిద్రల ఉన్నదాన్ని ఎల్లయ్య భుజం మీదేసుకోని లైన్ల నిలవడేటోడు. "నూరి!" అంటె, కండ్లు తెర్వకుండనే "హాజిర్!" అనేది. ఒకనాడు జెరమొచ్చి తీస్కపోలె. వార్నింగ్ కాయితం ఇచ్చిండు మున్షి. పోరి దాన్ని పడవ జేసి కాలువల ఇడిసింది. ఖర్జూరం తోటలకు పారే సన్నకాలువ, నీళ్లు అద్దమసొంటియి.

మరి సాదుడెట్ల? మాకు ఎర్కైన పద్ధతి ఒక్కటే, డ్యూటీ. ఏడుగురం, ఏడు దినాలు. అమ్మ డ్యూటీ అని పేరు పెట్టినం. ఎవని దినం వాడు ఎంట సైట్‌కు తీస్కపోవాలె, నీడకు కూసుండవెట్టాలె, కడగాలె, తినవెట్టాలె. పొద్దుమూకి మర్నాటోనికి అప్పజెప్పాలె. అప్పజెప్పుడంటె స్టోర్‌ల సామాను అప్పజెప్పినట్టే. పోరి ఒకటి. ఫ్రాకులు రెండు. చెప్పులు జత. ఊగే పన్ను ఒకటి. మోకాలి మీద పుండు ఒకటి, మానుతున్నది. రాత రాదు గద, సిమెంటు సంచి కాయితం మీద బొమ్మలు గీసేది. కింద వేలిముద్ర.

ఒక మంగళారం నర్సింగం డ్యూటీల పన్ను ఊసిపోయింది. బుధవారమోడు తీస్కోనంటె తీస్కోనన్నడు. "పన్ను లేకుంటె నేను వేలిముద్ర ఎయ్యను, రేపు ఖాదర్ అడిగితె నా మెడకు పడుతది." నర్సింగం ఏడుపు మొకం పెట్టిండు. ఏడుగురం పొయ్యి పోరి కూసున్న జాగల ఇసుక మొత్తం జల్లెడ పట్టినం. కాంక్రీటుకు గూడ గంత సాఫుగ పట్టలె ఎన్నడు. పోరి కుప్ప మీద కూసోని సూస్తున్నది. పన్నెక్కడుండె అనుకున్నవు? దాని గుప్పిట్లనే. అడగలేదు గద అన్నది.

పోరికి మా పేర్లు నోరు తిరగలె. శనివారం అమ్మ, ఐతారం అమ్మ, గట్ల పిలిచేది. ఎల్లయ్యను, ఆరడుగులోన్ని, నెత్తి మీద సిమెంటు బస్త ఉండంగ, "శనివారం అమ్మా, పాస్ ఒస్తుంది" అని ఒర్రేది. సైట్ మొత్తం నిలవడి సూసేది. నాది శుక్రవారం. జుమ్మా అమ్మ. శుక్రవారం సెలవు గద, నాకు దినమంత దొరికేది. మిగిలినోళ్లకు నామీద కుళ్లు. తలకు పోసేటోన్ని. జడెయ్య రాదు నాకు. తాడు పేనుడు వచ్చు, గోడ కాడ ఎక్కి నిలవడే కట్టెల పాలంజె కట్టే తాడు. గట్లనే అల్లిన. మంగళారందాక ఎవ్వలతోని ఇప్పరాలె అది.

గిట్ల నెల దాటింది. ఒక మంగళారం వాలీ ఆఫీసుకెల్లి ఒకాయన వచ్చిండు, హమద్ సాబ్ అనేటాయన. వాలీ అంటె మన కలెక్టరసొంటోడు. మేం లేబర్ తనిఖీ అనుకున్నం. తనిఖీకి ఏం చెప్పాల్నో మున్షి ముందే నేర్పిండు మాకు, ఖానా అచ్ఛా, పానీ అచ్ఛా, కంపెనీ అచ్ఛా. లైన్ల నిలవడి ఒగని తర్వాత ఒగడు చెప్పినం. ఆఖరుకు హెల్మెట్ కిందికెల్లి నూరి గూడ, "ఖానా అచ్ఛా, పానీ అచ్ఛా, కంపెనీ అచ్ఛా" అన్నది.

ఆయనకు ఉర్దూ వచ్చు. ఈ పిల్ల ఎవరన్నడు. నర్సింగం ఛాతి ఇరుసుకోని, "హెల్పర్, సాబ్" అన్నడు. ఆయన పోరి ముంగట కూసోని, మీ అమ్మ ఎవరు బేటా అన్నడు. "ఈయాల నర్సింగం" అన్నది. మరి రేపు? "రేపు ఈయన." వేలు పెట్టి సూపెట్టింది. ఆయన రాస్తుండు రాస్తుండు, నెత్తికి సుట్టుకున్న రుమాలు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నడు. భుజాలు ఊగుతున్నయి.

మున్షికి సెమట్లు. గింత పోరి పేరు హాజరు బుక్కుల ఉన్నదంటె కంపెనీ మునుగుతదని, ఉరికిపొయ్యి ఆమె పేరెదురుంగ రాసొచ్చిండు, పని ఇడిసి పారిపోయింది అని. పోరి ఆయన టేబుల్ మీదనే కూసోని బిస్కెట్ తింటున్నది.

హమద్ సాబ్ మా రూమ్‌ల మంచం మీద కూసోని మూడు గిలాసలు చాయ్ తాగిండు. తాగి మెల్లగ చెప్పిండు. క్యాంపుల పిల్ల ఉన్నదని ఎవలో చెప్తెనే వచ్చిన. మీరు మంచిగనే సూసుకున్నరు, కాని ఇది ఇల్లు గాదు, మగోళ్ల క్యాంపు. ఆడమనిషి ఉన్న ఇల్లు గావాలె పిల్లకు. తండ్రి వచ్చేదాకనే. పిల్ల పేరు మారది, తండ్రి పేరు మారది. సాదెటోళ్లు సాదెటోళ్లే, కన్నోళ్లు కన్నోళ్లే. గా మాట నాకు ఇప్పటికి యాదికున్నది.

నేను అడ్డం తిరిగిన బిడ్డా. అబద్ధమెందుకు. ఖాదర్ మా చేతుల పెట్టిండు, ఇంకో చేతికి ఇయ్య అన్న. ఆయన కోపం జెయ్యలె. "అయితె ఆ ఇల్లు మీరే సూసి రండ్రి, నచ్చకుంటె చెప్పుండ్రి" అన్నడు.

ఏడుగురం టిప్పర్‌ల పోయినం. సాలిం తల్లి అని ముసలామె ఇల్లు. పెద్ద వాకిలి, మేకలు, ఇద్దరు కోడండ్లు. మాకేమడగాల్నో తెల్వది, మేస్త్రీలం గద, గోడలు కొట్టి సూసినం. ఎల్లయ్య తూకం దారం ఇడిసి, దర్వాజ రెండు వేళ్లంత ఒంకరున్నదన్నడు. ఆమె కహ్వా పోసింది, అరబ్బోళ్ల కాఫీ. అది చిన్న పింగాణి గిన్నెల పోస్తరు. సాలు అనాల్నంటె గిన్నె ఊపాల్నట, మాకెవడు చెప్పిండు? ఊపకుంటె పోస్తనే ఉంటరు. వద్దంటె మర్యాద గాదని ఎల్లయ్య పద్నాలుగు తాగిండు. గిన్నె కిందవెట్టి, "దర్వాజ ఒంకరైతె ఏమాయెరా, మనిషి సక్కగున్నది" అన్నడు. ఆ రాత్రి తెల్లారేదాక వాడు నిద్రపోలె.

మర్నాడు అప్పజెప్పినం. బొమ్మల కాయితం మీద ఆమె గూడ వేలిముద్రనే ఏసింది. ఎవని దినం నాడు వాడు పోయి సూసి రావచ్చన్నరు. నేను శుక్రవారం శుక్రవారం పొయ్యి వాకిట్ల కూసునేది. నాలుగు వారాలల్ల పోరికి అరబ్బీ మాటలొచ్చినయి, ఒళ్లు వచ్చింది. జడ సక్కగుండె. సంతోషమే, కాదన. కాని బిడ్డా, ఆ జడ సూసి లోపల సురుక్కుమన్నది నాకు.

ఇగ ఒక శుక్రవారమే హమద్ సాబ్ బండిల ఖాదర్ సాలిం తల్లి ఇంటికి వచ్చిండు, కబురందితె మేమేడుగురం ఆడనే ఉన్నం. పెండ్లాన్ని చెయ్యి పట్టి దించిండు. కట్టెపుల్ల లెక్కయింది ఆమె, తలెంటికలు ఊసిపోయినయి. కొంగు సాపి "నూరీ" అన్నది. పోరి పొయ్యి సాలిం తల్లి ఎనుక దాగింది. తల్లిని గుర్తువట్టలె. ఆ తల్లి ఏడుపు నేను చెప్పలేను. హమద్ సాబ్ అన్నడు, గుంజద్దు, ఎంతసేపైన కూసుందాం అని. అందరం కూసున్నం. మేకలు మా నడుమకెల్లి తిరుగుతున్నయి.

శానసేపటికి పోరి వచ్చి నా మోకాలు పట్టుకున్నది.

"జుమ్మా అమ్మా, రేపు శనివారం ఎవరు?"

"మీ అమ్మ బిడ్డా. గామె."

"ఐతారం?"

"గామెనే."

సోమవారం, మంగళారం, బుధవారం, వేళ్లు మడుసుకుంట అడిగింది. అన్నిటికి గామెనే, గామెనే అన్న. అని అంటుంటె నాకు తెలుస్తనే ఉన్నది ఆఖరు వేలు ఏదొస్తదో.

"మరి జుమ్మా?"

నాదొక్కటే ఉండె ఆ దినం. మీ బాపమ్మ అక్కడ, నేనిక్కడ, వారానికి గా ఒక్క దినం మనిషిననిపిచ్చేది. ఎల్లయ్య నా దిక్కు సూడకుండ మేక దిక్కు సూస్తుండు.

"జుమ్మా గూడ మీ అమ్మదే" అన్న.

పోరి గంత ఆలోచన జేసింది. "ఆమెకు సెలవే లేదా?" అన్నది.

"లేదు."

అయ్యో అన్నది. నిజంగనే అన్నది, అయ్యో అని. పొయ్యి తల్లి ముంగట నిలవడి, జాలిగ, ఇట్ల మీదికెల్లి కిందిదాక సూసి, ఆమె చెంప మీద చెయ్యి పెట్టింది.

గంతే. వారం దినాలల్ల కడపకు పోయిండ్రు. మీ బాపమ్మకు ఎప్పుడో రాపిచ్చిన ఉత్తరానికి జవాబు అటెన్కనే వచ్చింది. మున్షి సదివిండు. ఊళ్ల పోస్టాయనతోని రాపిచ్చింది ఆమె, పిల్ల తలకు నూనె పెట్టు, తాడు పేనినట్టు అల్లకు, నొస్తది అని. జడ ముచ్చట నేను రాపియ్యనే లేదు. ఎట్ల ఎర్కనో ఆమెకు. అన్ని ఎర్కనే ఉంటుండె. సరె తియ్... ఒక్క గడియ ఆగు.

ఆ మీదటి శుక్రవారం నాకు పోవుడు అలవాటు గద, కాళ్లే తీస్కపోయినయి. వాకిట్ల పొయ్యి కూసున్న. సాలిం తల్లి నన్ను సూసింది, ఎందుకొచ్చినవని అడగలె. కహ్వా పోసింది. నాకు ఆమె మాట రాదు, ఆమెకు నా మాట రాదు. ఎదురెదురుంగ కూసున్నం. ఆమె గూడ కండ్లు తుడుసుకున్నది. అట్ల ఇంకో నాలుగైదు శుక్రవారాలు పోయిన.

కలుస్తదా అని అడిగినవు. కలుస్తది బిడ్డా, పిల్ల ఏడనైన కలుస్తది. నువ్వు జేసే నౌకరిల ఒక్క పని జెయ్యి. పిల్లను కన్నోళ్లకు అప్పజెప్పినంక, ఇన్నొద్దులు సాదిన ఇల్లుంటది సూడు, ఆ ఇంటికి గూడ ఒకపారి పో. కాయితాలు తీస్కపోకు. చాయ్ పోస్తరు, తాగు. ఏం చెప్పకు, ఏమడగకు, కూసో. గంతసేపు కూసోని రా. ఎవలన్న వచ్చి కూసుంటె... అది వేరే ఉంటది. నువ్వు నాకాడికి వస్తలేవా, గట్ల. పది ఇండ్లల్ల పిల్లలు నీ చెయ్యి పట్టుకోని నవ్వాలె, నీ ఇల్లు నిండాలె. సల్లగుండు బిడ్డా.